సర్కారు ఎంచిన బోరు

అమెరికాలో జింకల వేట మొదలయ్యే రోజులు దగ్గరపడితే తుపాకుల దుకాణాల్లో ఏటా అదే వాదం: లీవర్ యాక్షన్ రైఫిలుకు ఏ కాలిబర్ (గొట్టం కొలత, మన మాటలో బోరు) మేలు? ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప కడియాన్ని కిందికి లాగి పైకి కొడితే చాలు, కాలిన డొప్ప ఎగిరిపడి కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఆ చప్పుడు కౌబాయ్ సినిమాలు చూసినవాళ్లకు కొత్తేమీ కాదు. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో కృష్ణ ఆ గుర్రాల లోకాన్ని తెలుగు ఊళ్లకూ తెచ్చాడు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 నమూనా రైఫిళ్లు డెబ్బై లక్షలకు పైగా తయారయ్యాయి. 1895లో దానికి జత కుదిరిన .30-30 తూటా అక్కడ నాలుగైదు తరాల జింకల వేటను మోసింది. పేరులోని మొదటి ముప్పై గొట్టం వ్యాసం, అంగుళంలో నూరింట ముప్పై వంతులు. రెండో ముప్పై మొదట్లో అందులో పోసిన పొగరాని మందు బరువు, గ్రెయిన్లలో.

అక్కడి వాదంలో తర్కం ఉంది. జంతువు బరువెంత, అడవి ఎంత చిక్కన, గురి ఎంత దూరం, భుజానికి తగిలే దెబ్బ ఎంత అని లెక్కలు వేస్తారు. తుపాకి కట్టుబడి కూడా ఆ లెక్కలో ఒక భాగం. లీవర్ రైఫిళ్లలో చాలావాటికి తూటాలు గొట్టం కింది నాళికలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. గుండు మొన సూదిగా ఉంటే తుపాకి అదిరినప్పుడు ముందున్న తూటా అడుగున పొడుచుకుని, నాళికలోనే పేలే ప్రమాదం ఉంది. అందుకే వాటికి మొండి మొన గుండ్లు వాడారు. మొండి గుండు గాలిని చీల్చలేదు, నూటయాభై గజాలు దాటాక వేగం పడిపోతుంది. దట్టమైన అడవిలో అంతకన్నా దూరం కనిపించదు కనుక అది పెద్ద లోటు కాలేదు.

ఇదే లెక్కను గోదావరికి దక్షిణాన, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల అడవులకు వేసి చూడొచ్చు. టేకు, ముళ్ల పొదలు, రాళ్ల గుట్టలు ఉన్న నేల ఇది. మగ దుప్పి డెబ్బై నుంచి తొంభై కిలోలు తూగుతుంది, అంటే అమెరికా తెల్లతోక జింకకు దాదాపు సమానం. ఇర్రి నలభై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది కానీ మైదానంలో మనిషిని ఆమడ దూరం నుంచే పసిగడుతుంది. కణుజు పోతు రెండు వందల కిలోలు దాటుతుంది. పుస్తకం ప్రకారం దుప్పికి .30-30 సరిగ్గా అతుకుతుంది. ఇర్రికి దూరం పోయే సన్న గుండు, కణుజుకు బరువైన గుండు కావాలి.

కానీ ఈ ప్రాంతంలో తుపాకి పట్టినవాడు ఎవడూ ఇలా లెక్క వేసి బోరు ఎంచుకోలేదు. ఎంచుకునే అవకాశం అతనికి చిక్కలేదు. ఏ గొట్టం ఎవరి చేతికి వెళ్లాలో ఇక్కడ రెండు వందల ఏళ్లుగా తేల్చింది ఖజానా, సైన్యం, తిరుగుబాటు భయం. జింక పాత్ర అందులో చాలా చిన్నది.

ఇనుముకు మాత్రం ఈ నేల పేదది కాదు. కోరుట్ల నుంచి మెట్‌పల్లి మీదుగా పడమరకు పోతే కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం వస్తుంది. ఇప్పుడది నిజామాబాద్ జిల్లా. 1820ల తొలినాళ్లలో హెన్రీ వాయ్‌సీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి మూసలలో ఉక్కు కరిగించే తీరును కళ్లారా చూసి రాసుకున్నాడు. అతను చనిపోయాక, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రిక ఆ రాతను అచ్చువేసింది. మిర్త్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు కలిపేవారని అందులో ఉంది. ఆ ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చున్న హాజీ హుసేన్ అనే పారశీక వర్తకుడి ప్రస్తావన కూడా ఉంది. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ కత్తులకు ముడిసరుకు ఇటువంటి ఊళ్లలోని కొలుముల నుంచే వెళ్లింది. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో సర్వే చేస్తే ఊరూరా పాత చిట్టెపు దిబ్బలు బయటపడ్డాయి.

ఉక్కు తెలిసిన చోటికి ఫిరంగి కూడా వచ్చింది. జగిత్యాల ఖిల్లాను 1747లో జఫరుద్దౌలా అనే స్థానిక పాలకుడి కోసం ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని గెజిటీర్లు చెబుతాయి. చుట్టూ కందకం, నక్షత్రం కోణాల్లా ముందుకు పొడుచుకొచ్చిన బురుజులు. ఫిరంగి యుగానికని యూరపులో గీసుకున్న నమూనా అది. గోడ మీద ఏ మూల నిలబడినా పక్క బురుజు కాల్పులు ఆసరాగా ఉంటాయి. పాత ఫిరంగులు ఇంకా అక్కడ పడి ఉన్నాయి. గోదావరికి అవతల నిర్మల్ కూడా ఈ జఫరుద్దౌలా చేతిలోనే ఉండేది. 1795లో హైదరాబాద్‌లో మరో ఫ్రెంచివాడు, రేమండ్, ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. గన్‌ఫౌండ్రీ అనే పేట పేరు ఆ కార్ఖానా మిగిల్చిందే. ఇదంతా కోటలకు, ఫౌజుకు పనికొచ్చిన తయారీ. రైతుకు, వేటగాడికి అందులో దక్కింది శూన్యం. నాయకపోళ్లు, గోండులు, పార్ధీలు ఉచ్చు, వల, విల్లు, ఈటె పట్టుకునే అడవికి వెళ్లారు.

వేట తుపాకి మొదట దర్బారు వస్తువు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో పేరుమోసినవాడు. ఆయన ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ షికారు డేరాలను, ఏనుగులను, చచ్చిన పులులను వరుసగా ఫొటోలు తీశాడు. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాద్ వచ్చి వేటాడాడు. ఇరవై ఒక్క ఏళ్ల తరువాత సరయెవోలో అతని మీద పేలిన తుపాకే మొదటి ప్రపంచ యుద్ధానికి నాంది. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులి పక్కన నిలబడి దిగిన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనబడుతుంది. ఈ పెద్దల చేతుల్లో ఉన్నవి ఇంగ్లండు జోడుగొట్టాల రైఫిళ్లు. లీవర్ రైఫిలును బ్రిటిషు షికారీ అంతగా పట్టించుకోలేదు. ఎదురొచ్చే పులి ముందు రెండో దెబ్బకు కడియం లాగే వ్యవధి ఎక్కడిదన్నది అతని వాదన. అందులో కొంత నిజం, కొంత దొరతనం. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికాకు .405 వించెస్టర్ లీవర్ రైఫిలు పట్టుకెళ్లి సింహాల మీద దాన్ని నిస్సంకోచంగా వాడాడు.

బోరు విషయంలో సర్కారు చెయ్యి తేటతెల్లంగా కనిపించేది 1907లో. అప్పటికి పెద్ద జంతువులకు .450 రైఫిలు మంచి చలామణిలో ఉంది. వాయవ్య సరిహద్దులో తిరగబడ్డ తెగల చేతుల్లో పాత సైనిక మార్టినీ-హెన్రీ తుపాకులున్నాయి, వాటి గుండు వ్యాసమూ .450 లెక్కే. వేటగాడి పేరు మీద దిగిన గుండ్లు అటు చేరతాయన్న భయంతో ఇండియాకు, సూడాన్‌కు .450 దిగుమతిని ఆపేశారు. లండన్ తుపాకి కంపెనీలు వెంటనే .465, .470, .475 అంటూ కొత్త అంకెలతో బజారులోకి దిగాయి. గుండు కాస్త లావెక్కింది, జంతువుకు తేడా ఏమీ తెలియలేదు. ఈనాటికీ ఆఫ్రికాలో ఏనుగు రైఫిలు అంటే గుర్తొచ్చే .470 నిలదొక్కుకున్నది అలా, ఒక దిగుమతి నిషేధం చలువతో. నిజాం రాజ్యానికి తన ఫర్మానాలు తనకు ఉన్నా, రేవులు మాత్రం బ్రిటిషు వాళ్లవి. అక్కడ దిగనిది ఇక్కడికి రాదు.

పల్లెలో కథ వేరు. గడిలో ఉండే భూస్వామి దొర దగ్గర పన్నెండు బోరు, ఊళ్లో ఒకరిద్దరి దగ్గర భర్మారు.

పన్నెండు బోరు అంటే ఏమిటో వాడేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం రంధ్రం అంత, సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అందుకే ఇరవై బోరు కన్నా పన్నెండు బోరు పెద్దది. లోపల గాళ్లు ఉండవు కనుక గుండు మెలి తిరగదు, దూరం పోదు. కానీ అదే గొట్టంలో కౌజుకు సన్న ఛర్రలు, దుప్పికి, పందికి లావు ఛర్రలున్న ఎల్‌జీ తూటా వేసుకోవచ్చు. ఒక్క తుపాకితో అన్ని పనులూ జరిగిపోతాయి. దొరల వేటకు అంతకన్నా అక్కర్లేదు. కూలోళ్లు డప్పులు కొట్టి అడవిని తోలేవాళ్లు, హాంకా అనేవారు దాన్ని. వెట్టిలో అదీ ఒక భాగం. జంతువు ముప్పై నలభై గజాల్లోకి వచ్చేది, దొర మంచె మీద కూర్చుని కాల్చేవాడు. జింకను దగ్గరికి తెచ్చే మనుషులు ఊరికే దొరికినప్పుడు దూరం కొట్టే రైఫిలు మీద డబ్బు పెట్టడం ఎందుకు? అమెరికా వేటగాడు కాలిబర్‌తో తీర్చుకున్న దూరాన్ని గడి దొర వెట్టివాళ్ల కాళ్లతో తీర్చుకున్నాడు.

భర్మారుది మరో దారి. ముందు గొట్టంలో మందు పోసి, పీచు దట్టించి, సీసం గుండో ఛర్రలో వేసి, చువ్వతో కుక్కి, టోపీ పెట్టి కాల్చే తుపాకి అది. ఒక్క దెబ్బ పేలాక మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. వానాకాలంలో మందు చెమ్మగిల్లితే అంతే సంగతులు. దానికి తూటా లేదు కనుక లెక్క ప్రకారం బోరూ లేదు, ఏ గొట్టం కొలత దానిదే. బజారులో ఏ కంపెనీ దుకాణం మూతపడినా దానికి లోటు లేదు, పాడైతే కమ్మరి కొలిమి ఉంది. రైఫిళ్ల పుస్తకాలు రాసేవాళ్లు చిన్నచూపు చూసే ఈ గొట్టమే తెలంగాణ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ దూరం నడిచింది.

1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో గడుల మీద పడ్డ దళాలకు దొరికినవి ఎక్కువగా భర్మార్లు, పన్నెండు బోర్లే. సిరిసిల్ల వైపు గాలిపెల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి కరీంనగర్ జిల్లాలో ఆ పోరాటాన్ని నడిపినవారిలో ముఖ్యుడు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకర్‌రావు దళం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగింది. వేట తుపాకులు పట్టినవాళ్లకూ సైనిక రైఫిళ్లు పట్టినవాళ్లకూ మధ్య జరిగే పోరు ఎలా ముగుస్తుందో పాలకులకు అంతకుముందే తెలుసు. వాళ్ల ఆయుధ చట్టాలన్నీ ఆ తేడాను కాపాడుకోవడానికి రాసుకున్నవే.

లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం పోయి స్వతంత్ర భారతం తన చట్టాన్ని 1959లో చేసుకుంది. తెల్లదొర పోయాడు, ఆ దొర ఆలోచన నిలిచింది. ఆ చట్టం పదమూడో సెక్షన్ చదివితే రైతు చేతికి ఏ తుపాకి తగునో పార్లమెంటు పేరు పెట్టి మరీ చెప్పింది: పంట కాపలాకు అయితే ముందు నుంచి కూరే తుపాకి. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితేనే వెనుక నుంచి తూటా వేసే నునుపు గొట్టం. ఆత్మరక్షణకో వేటకో అయితే ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నునుపు తుపాకి. గాళ్ల గొట్టపు రైఫిలు కావాలంటే తగిన కారణం చూపి కలెక్టరేటు చుట్టూ తిరగాలి. భర్మారును ఇంత గౌరవంగా చట్టంలోకి ఎక్కించిన దేశాలు ఎన్ని ఉంటాయో!

రైఫిలు దాకా వచ్చినవాడికి కూడా మరో గోడ ఎదురయ్యేది. సైన్యం, పోలీసులు వాడే .303, 7.62, తొమ్మిది మిల్లీమీటర్ల బోర్లు మామూలు పౌరుడికి నిషిద్ధం. కెనడాలో యుద్ధం తరువాత మిగిలిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు చవగ్గా అమ్ముడై, ఊరూరా జింకల తుపాకులయ్యాయి. అదే రైఫిలు మన దగ్గర ఠాణా గోడకు గొలుసుతో వేలాడింది. జగిత్యాలలో, సిరిసిల్లలో ‘త్రీనాట్‌త్రీ’ అంటే నేటికీ పోలీసు గుర్తొస్తాడు, జింక గుర్తురాదు.

ఆ ఖాళీని పూరించింది .315. కొలత వేటగాళ్ల బుర్రలో పుట్టినది కాదు, ఆస్ట్రియా సైన్యపు ఎనిమిది మిల్లీమీటర్ల మాన్లిషర్ తూటా దానికి తల్లి. సైనిక .303తో కలవదు, ఇది అందులో పట్టదు, అది ఇందులో పట్టదు. సర్కారుకు కావలసిందీ అంతే. కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్ పోలికలతోనే .315 స్పోర్టింగ్ రైఫిలు చేసి పౌరులకు అమ్మింది. తూటాలు పుణె పక్కన ఖడ్కీ నుంచి వచ్చేవి. గుండు 244 గ్రెయిన్లు, దాదాపు పదహారు గ్రాములు, నిదానంగా పోయే బరువైన గుండు. .30-30లో మామూలుగా వాడేవి 150, 170 గ్రెయిన్లు. దగ్గరి దూరంలో దుప్పికి, అడవి పందికి .315 చాలినంత కన్నా ఎక్కువే. ఆ విధంగా సర్కారు, తెలిసి కాకపోయినా, ఇక్కడి పొదల అడవికి పనికొచ్చే తూటానే పౌరుడికి వదిలింది. లీవర్ రైఫిలు మాత్రం రాలేదు. 1980ల మధ్యకల్లా విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయి, అంతకుముందు దేశంలో దిగినవే చేతులు మారుతూ వచ్చాయి, ధరలు ఆకాశాన్నంటాయి.

అప్పటికే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ తుపాకి అర్థం మారిపోయింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు పల్లెల నుంచి రైతుకూలీలు వేలకొద్దీ తరలివచ్చారు. బంజర్లు, వెట్టి, పాలేర్ల జీతాలు, దొరల జరిమానాలు వాళ్ల సమస్యలు. అక్టోబరులో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అందుకు ఆసరాగా చేసుకున్న చట్టం 1948 నాటిది, అంటే పాత పోరాటం కాలపుదే. 1980లో నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్ ఏర్పడింది. తరువాత చాలా ఏళ్లు ఆ పార్టీని నడిపిన ముప్పాళ్ల లక్ష్మణరావు, గణపతిగా తెలిసినవాడు, జగిత్యాల దగ్గరి బీర్‌పూర్ వాడే. దొరలు గడులు వదిలి కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్లారు. ఊళ్లో లైసెన్సు తుపాకి ఉంచుకోవడం రెండు వైపులా తద్దినంగా మారింది: దళం వచ్చి ఎత్తుకుపోవచ్చు, పోలీసులు వచ్చి ఎవరికిచ్చావని అడగొచ్చు. చాలామంది తుపాకులను ఠాణాలో పెట్టి రసీదు తెచ్చుకుని ఊపిరి పీల్చుకున్నారు. వేట తుపాకి ఈ ప్రాంతంలో మాయమవడానికి వన్యప్రాణి చట్టం ఎంత కారణమో ఈ భయం అంతే కారణం. బహుశా ఇంకా ఎక్కువ.

జింకలు తగ్గడం వెనుక మాత్రం తుపాకి కన్నా నీటి పాత్రే ఎక్కువ. 1963లో పోచంపాడు దగ్గర పునాదిరాయి పడ్డ శ్రీరామసాగర్ జలాశయం నుంచి కాకతీయ కాలువ జగిత్యాల వైపు సాగాక మెట్ట బీళ్లు వరి మళ్లయ్యాయి, మక్క, పసుపు, చెరుకు విస్తరించాయి. ఇర్రికి కావలసింది కురచ గడ్డి ఉన్న బయలు నేల, కాలువ ముందుగా మింగింది దాన్నే. అడవి పందికి మాత్రం చెరుకు తోట ఇల్లయింది, మక్క చేను అన్నసత్రమైంది.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడే వీలు కాగితం మీద మిగిలింది. 1991 సవరణ దాన్నీ తుడిచేసింది. గోదావరి అవతల 1965 నుంచే అభయారణ్యంగా ఉన్న కవ్వాల్ 2012లో పులుల రిజర్వు అయింది. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర జంతువుగా ఎంచుకున్నది మచ్చల జింకను, అంటే దొరల హాంకాలో ముందుగా పరుగెత్తిన దుప్పినే. ఇప్పుడు దొంగవేట ఉచ్చులతో, పొలం గట్టున లాగిన కరెంటు తీగలతో సాగుతోంది. పందికని కట్టిన తీగకు దుప్పి పడుతుంది, ఒక్కోసారి రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతే పడతాడు. కాపలాకు భర్మారు లైసెన్సు అడిగే రైతు ఇప్పుడు అరుదు. లైసెన్సున్న కొద్దిమంది కూడా ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకి తీసుకెళ్లి ఠాణాలో అప్పగించాల్సిందే.

కాగితం అక్కర్లేకుండా దొరికేది ఇక ఎయిర్‌గన్ ఒక్కటే. దాని గొట్టానికి కూడా సర్కారు కొలత గీసింది: 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు .177 అంగుళం మించకూడదు, గుండు బయటికి దూకే శక్తి ఇరవై జూళ్లు దాటకూడదు. దాటితే అదీ లైసెన్సు తుపాకే. పిట్టకు సరిపోయే ఆ గొట్టంతో ఇర్రిని కొట్టినా, .315తో కొట్టినా చట్టంలో శిక్ష ఒకటే, మూడు నుంచి ఏడేళ్ల జైలు.